మల్లికార్జునం తెల్లగా వదిలిన చోటు

(1957లో ఆత్మకూరు హైస్కూలు ఆవరణలో జరిగిన సంతాప సభలో ప్రెస్సు యజమాని శ్రీనివాసులు చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, ముందు వరుసలో కూర్చున్న అమ్మ ఆదిశేషమ్మగారికి, పక్కనే ఉన్న పెద్దకొడుకు పెంచలనరసింహానికి, సంత రోజని కూడా చూడకుండా అంగళ్ళు మూసి వచ్చిన బజారు పెద్దలకు, జీవాలను ఇంట్లోవాళ్ళకు అప్పజెప్పి ఉదయగిరి కొండ కింద నుంచి బస్సెక్కి వచ్చిన వెంగయ్యకు, ఆయన వెంట వచ్చిన కాపరులందరికీ నమస్కారం.

మన మల్లికార్జునం పోయాడు. విషజ్వరం అన్నారు. నెల్లూరు దాకా తీసుకుపోయినా దక్కలేదు. తలలో ఒక్క తెల్ల వెంట్రుక కూడా రాకుండానే పోయాడు. ఈ మాట మీ అందరికీ తెలిసిందే. అయినా ఒక్కసారి పైకి అనకపోతే తరువాతి మాట నోట్లోంచి వచ్చేటట్టు లేదు.

నాకు ముందు మాట్లాడినవాళ్ళు ఆయన మంచివాడన్నారు. నెమ్మదస్థుడన్నారు. ఎవరి జోలికీ పోనివాడన్నారు. మంచివాడే, ఒప్పుకుంటాను. నెమ్మదస్థుడు ఎక్కడ? నెమ్మదస్థుడైతే నా ప్రెస్సులో సిరా డబ్బాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపి, శుభలేఖకు ఎర్ర సిరా కావాలంటే ఇటుకపొడి రంగు చేతికిస్తాడా? ఎవరి జోలికీ పోనివాడా? ఈ తాలూకాలో ఆయన వేలు పెట్టని చెక్క గానీ, చాప గానీ, గోతాం గానీ ఒక్కటైనా ఉందా? అయ్యా, పోయినవాడికి లేని గుణాలు తగిలించవద్దు. ఉన్న గుణాలు చెప్పుకుంటేనే ఈ సాయంత్రం సరిపోదు.

నేను ఈ సభలో ఒక్క పని కోసమే నిలబడ్డాను. అదేమిటో ముందే చెప్తాను. మన బజారులో ఎవరింటికి పోయినా మొదటి పలకరింపు ఏమిటి? మీవాడేం చేస్తున్నాడు? ఒకరి కొడుకు నూనె చూసుకుంటాడు, ఒకరి కొడుకు కందులు కొంటాడు, ఒకరివాడు నెల్లూరులో జవుళి అంగట్లో ఉంటాడు. జవాబు చెప్పినవాళ్ళు తల ఎత్తుకుని చెప్తారు. ఆదిశేషమ్మగారిని కూడా అడిగేవాళ్ళు. గుళ్ళో అడిగేవాళ్ళు, పెళ్ళిపందిట్లో అడిగేవాళ్ళు, బెల్లం కొనడానికి వచ్చి అడిగేవాళ్ళు. ఆమె పెద్దకొడుకు సంగతి చెప్పేది. రెండోవాడి దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేది. ఒకనాడు నాతోనే అనింది: "అడిగినోళ్ళకి ఏం చెప్పేది సీనయ్యా? వాడు ఏం చేస్తా ఉండాడో నాకే అర్థం కాలేదే!"

ఆ తల్లికి బొమ్మలంటే కోపం లేదు. కొడుకు జీవితం ఉత్తిపుణ్యానికి పోతున్నదేమోనని భయం. ఆ భయం ఇప్పటికీ ఆమెకు తీరలేదని నాకు తెలుసు. మొన్న పదోరోజున కూడా ఆమె కళ్ళలో అదే చూశాను. కాబట్టి ఆమె ముందర, అడిగినవాళ్ళందరి ముందర, మల్లికార్జునం ఏం చేశాడో చెప్పాలనే నేను వచ్చాను.

ఆయన అచ్చుబొమ్మలు వేశాడు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి తీసే బొమ్మలు. ఇందులో కొత్తేముంది, నీ ప్రెస్సులో పంచాంగం మీద వినాయకుడు కూడా అట్లాగే పడతాడు గదా అంటారా? ఆగండి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మద్రాసులో బొమ్మల చదువు ముగించుకుని ఆయన ఊరికి వచ్చాడు. అంగళ్ళకు బోర్డులు రాసి బతుకుతాడని అందరం అనుకున్నాం. నేరుగా నా ప్రెస్సుకు వచ్చి, మిషను పక్కన ఒక మూల అడిగాడు. మూలే గదా అని ఇచ్చాను. ఆ తరువాత తెలిసింది, ఆయనకు మూల ఇస్తే మిగిలిన ప్రెస్సు మనకు ఆయన ఇవ్వాలి!

మామూలుగా రంగుల బొమ్మకు ఎన్ని రంగులుంటే అన్ని చెక్క దిమ్మెలు కావాలి. పసుపుకొకటి, ఎరుపుకొకటి, నలుపుకొకటి. ప్రపంచమంతా చేసేది అదే, నేను చేసేదీ అదే. మల్లికార్జునం ఒకే చెక్క పట్టుకుని కూర్చున్నాడు. బొమ్మలో తెల్లగా ఉండాల్సిన చోటు ముందు తవ్వేస్తాడు. మిగిలిన చెక్కకంతా పసుపు పూసి కాగితాలన్నిటి మీదా అచ్చు తీస్తాడు. తరువాత అదే చెక్కలో, పసుపుగా నిలిచిపోవాల్సిన చోటు తవ్వేస్తాడు. మిగిలినదానికి ఎరుపు పూసి అవే కాగితాల మీద, అదే చోట, మళ్ళీ అచ్చు. తరువాత ఎరుపుగా నిలవాల్సింది తవ్వేస్తాడు. కడకు చెక్కలో నలుపుకు కావలసినంత గట్టు మాత్రమే మిగులుతుంది. బొమ్మ పూర్తయ్యేసరికి చెక్క అయిపోతుంది. ఎరుపు వేశాక, అయ్యో, పసుపు ఇంకాస్త ఉంచి ఉంటే బాగుండేదే అనుకుంటే లాభం లేదు. పసుపు వేసిన చెక్క ఇక లోకంలో లేదు.

పెంచలనరసింహం, నీ మాట చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. నువ్వు వచ్చి చూసి, "మళ్ళీ తెప్పించలేని సరుకు అంగట్లో పెట్టకూడదురా" అన్నావు. వ్యాపారానికి అది వేదవాక్కు. మల్లికార్జునం నవ్వాడు. ఆయనకు కావలసిందే అది. వెనక్కి పోవడానికి దారి లేకపోతేనే చెయ్యి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తుందని ఆయన నమ్మకం.

ఇక నాకు జరిగిన అవమానం వినండి. నా దగ్గర కాలితో తొక్కి అచ్చు తీసే మంచి మిషను ఉంది. నెల్లూరు నుంచి కూడా చూసిపోయారు. ఆయన దాన్ని ముట్టుకోనన్నాడు! ఉదయగిరిలో చెక్కే కర్ర గరిటె ఒకటి తెచ్చుకుని, చెక్క మీద కాగితం పరిచి, ఆ గరిటె వీపుతో రుద్దుకుంటూ కూర్చున్నాడు. పప్పు తిప్పే గరిటె ముందు నా మిషను ఎందుకూ పనికిరాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకురా ఈ చాదస్తం అని అడిగితే, "మిషను అంతటా ఒకటే నొక్కు నొక్కుతుంది సీనయ్యా, కొండ నీడ ఒక పక్క చిక్కగా, ఒక పక్క పల్చగా ఉండాది గదా" అన్నాడు. తరువాత ఆయన తీసిన అచ్చు చూశాను. నీడ నిజంగానే ఒక పక్క చిక్కగా, ఒక పక్క పల్చగా పడింది. నా మిషను ఏడు జన్మలెత్తినా ఆ నీడ వెయ్యలేదు. ఇంత గొప్పవాడికి మూల ఇచ్చింది నేనేనని ఆ రోజు నుంచి చెప్పుకు తిరుగుతున్నాను, ఇప్పుడు కూడా చెప్తున్నాను.

గోతాం సంగతి అమ్మకు గుర్తుండే ఉంటుంది. కలిగిరి మెట్టచేను ఎండాకాలంలో ఎట్లా ఉంటుందో అచ్చు తీయాలని ఆయన పట్టుబట్టాడు. ఉలితో ఎంత చెక్కినా ఆ గరుకు రాలేదు. అంగట్లో ఖాళీ గోతాం తెచ్చి, దానికే సిరా పూసి, కాగితం పరిచి రుద్దాడు. వచ్చింది! ఎండిన చేను, మోడులు, గాలికి లేచిన దుమ్ము, అంతా వచ్చింది. సంతోషంలో ఆ గోతాం తిరిగి గోతాల కట్టలో పడేశాడు మహానుభావుడు. వింజమూరు ఆసామి ఒకాయన కందులు కట్టించుకుని పోతే, ఇంటికి పోయేసరికి పంచె మీద, బండి మీద, ఎద్దు వీపు మీద వల పరిచినట్టు నల్లటి అచ్చులు! ఆయన తిరిగొచ్చి కేకలు వేస్తే, ఆదిశేషమ్మగారు కొత్త పంచె ఇచ్చి పంపి, కొడుకు వైపు తిరిగి, "గోతాన్ని గూడా వదల్లేదు గదరా నాయనా" అనింది. అనేటప్పుడు నవ్వు ఆపుకుంటోందని నేను చూశాను. అమ్మా, కాదనవద్దు.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది నవ్వులాట కాదు. వెంగయ్యా, నీ గురించే, కాస్త ముందుకు జరుగు.

వానలు మొహం చాటేసిన ఆ ఏడు గొర్రెలకు ఒళ్ళంతా బొబ్బలు పోసి చచ్చే జబ్బు దిగింది. కలువాయి వైపు మొదలై వింజమూరు దాకా వచ్చింది. దొడ్లకు దొడ్లే ఖాళీ అయ్యాయి. ఉదయగిరి కింద మందలకు ఇంకా అంటలేదు. అంటకముందే సూదిమందు వేయిస్తామని పశువుల డాక్టరుగారు వచ్చారు. కాపరులకు చదువు లేదు, కరపత్రం వేస్తే ఎవరు చదువుతారు? బొమ్మ వేయించండి అన్నాను నేను. మల్లికార్జునం ఆ పని నెత్తికెత్తుకున్నాడు. తిండి, నిద్ర మానుకుని చెక్కాడు. అందమైన బొమ్మ. వరసగా గొర్రెలు, పక్కన డాక్టరు. సూది ఎక్కడ వేస్తారో తెలియాలని ప్రతి గొర్రెకూ మెడ మీద ఎర్రటి చుక్క. ఉదయగిరి వీధుల్లో, కొండ దారిలో, బావుల దగ్గర అంటించాం. చూసి మురిసిపోయాం.

డాక్టరుగారు మందుపెట్టెతో వచ్చిన రోజున మైదానంలో ఏముంది? ఒక్క కుంటిమేక ఉంది. అది కూడా కొండెక్కే ఓపిక లేక మిగిలింది. మిగిలిన మందలన్నీ తెల్లవారకముందే కొండ మీదికి పోయాయి. అందరికంటే ముందు పోయింది వెంగయ్య మంద!

ఎందుకు? మనమంతా బజారు మనుషులం. ప్రతి సంతలోనూ చూస్తూనే ఉంటాం, కానీ పట్టించుకోం. సంతలో బేరం తెగిన జీవానికి కొన్నవాడు మెడ మీద ఎర్రరంగు తడతాడు. ఆ రంగు పడ్డ జీవం ఇక కాపరిది కాదు. కత్తికి పోయేదే. మల్లికార్జునం బొమ్మలో గొర్రెలన్నిటికీ ఎర్ర చుక్కలు. పక్కన సర్కారు మనిషి. చూసినవాళ్ళు ఏమనుకోవాలి? "మన జీవాలన్నిటికీ సర్కారోళ్ళు బేరం తెంచుకొన్నారంట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకుని కొండెక్కారు. మీరైనా ఎక్కరా? నేనైనా ఎక్కేవాణ్ణే.

మన ఊళ్ళో కొందరు, మొద్దులకు బొమ్మలేమిటి అని నవ్వారు. మల్లికార్జునానికి ఆ నవ్వు గుచ్చుకుంది, కాపరుల మీద నవ్వినందుకు. బొమ్మ తప్పు చెప్పింది, వాళ్ళు సరిగ్గానే చదువుకున్నారు అన్నాడు. అంటించిన కాగితాలన్నీ తన చేత్తోనే చించేశాడు. ఇంకొకడైతే ఎర్ర చుక్క బదులు నల్ల చుక్క పెట్టి చేతులు దులుపుకునేవాడు. ఈయన బస్సెక్కి ఉదయగిరి పోయి, అక్కడ నుంచి నడిచి కొండ మీదికి పోయాడు. మందల మధ్యన పడుకున్నాడు, రాగిసంకటి తిన్నాడు. ఎవరి జీవానికి చెవి ఎట్లా కోస్తారో, ఎవరు ఏ రంగు పూస్తారో, దేవుడికి మొక్కిన పొట్టేలును ఎట్లా గుర్తుపడతారో అన్నీ అడిగాడు. కడకు వెంగయ్యను ఒక ప్రశ్న వేశాడు: ఎప్పటికీ అమ్మకూడదనుకున్న జీవానికి మెడ మీద ఏ రంగు పూస్తారు?

వెంగయ్య చెప్పిన మాట ఆయన నాకు వచ్చి చెప్పాడు, చెప్తూ కూర్చోలేక లేచి తిరిగాడు. "అమ్మనిదానికి రంగెందుకు అబ్బయ్యా? అది మనదే గదా."

కొత్త చెక్క తీశాడు. మొట్టమొదటి ఉలిదెబ్బ గొర్రె మెడ దగ్గరే వేశాడు. ఇందాక చెప్పాను గదా, ఆయన పద్ధతిలో తెల్లగా ఉండాల్సింది అన్నిటికంటే ముందు తవ్వాలి. ఆ తరువాత పసుపు వచ్చింది, ఎరుపు వచ్చింది, నలుపు వచ్చింది. ఏ రంగూ ఆ చోటును ముట్టుకోలేదు. సూది గుచ్చే చోట ఉత్త కాగితం. గొర్రె ఒళ్ళంతా రంగు, మెడ మీద మాత్రం తెల్లటి చోటు. నేను చూసి, దీన్ని ఎవరు గమనిస్తారు, ఏమీ లేని చోటును ఎవరు చదువుతారు అని పోట్లాడాను. ఆయన వినలేదు. మళ్ళీ అంటించాం.

వెంగయ్య గోడ ముందర చాలాసేపు నిలబడ్డాడని విన్నాను. వెంగయ్యా, నువ్వేమన్నావో ఇక్కడ కూర్చున్న అందరికీ తెలియాలి. "ఇది ఉంచుకొనే జీవం" అన్నావు. అంతే. మందలు కొండ దిగాయి. దుమ్ము లేచింది, డాక్టరుగారికి సూదులు ఉడికించడానికి నీళ్ళు చాలలేదు. ఆ ఏడు వింజమూరు దారిలో తోళ్ళు కుప్పలు పడి ఉంటే ముక్కులు మూసుకుని నడిచాం. ఉదయగిరి కింద మందలు నిలబడ్డాయి. సూదిమందు డాక్టరుగారిదే, ఆయన రుణం తీర్చుకోలేం. కానీ మందు దగ్గరికి మందను దించింది ఎవరు? మన మల్లికార్జునం.

అప్పటి నుంచి ఆయన బొమ్మల్లో తెలుపు మాయం కాలేదు. ఎక్కడ రంగు వెయ్యాలో అందరూ ఆలోచిస్తారు. ఎక్కడ వెయ్యకూడదో ఈయన ముందు తేల్చుకునేవాడు. రోజుల తరబడి చెక్క ముందర ఉత్త చేతులతో కూర్చునేవాడు. సోమరి అనుకునేవాళ్ళు. నేను కూడా ఉలి పట్టరా అని కసురుకునేవాణ్ణి. పట్టాక వెనక్కి తిరిగేది లేదని ఆయనకు తెలుసు.

మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చి, మద్రాసు మనది కాకుండా పోయిన మరుసటి ఏడు, అక్కడే ఒక ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. నేను కూడా పోయాను, పోకుండా ఉంటానా! గాజు వెనక బొమ్మలు, ఇస్త్రీ బట్టల్లో మనుషులు, మధ్యలో మేమిద్దరం. అన్నిటికంటే ఎక్కువమంది నిలబడింది ఒక బొమ్మ ముందర. చీకటి అంగడి. లోపల ఒక ఆడమనిషి తక్కెడ ఎత్తి పట్టుకుని ఉంటుంది. మొహం నీడలో ఉంటుంది, గోతాలు నీడలో ఉంటాయి. తక్కెడ పట్టుకున్న చెయ్యి మాత్రం తెలుపు. ఆ చెయ్యి ఎవరిదో ఆత్మకూరులో ఎవరికీ చెప్పనక్కరలేదు. తండ్రి పోయాక ఇద్దరు పిల్లలను పెంచిన చెయ్యి అది. అమ్మా, ఆ బొమ్మ ఆయన మీకు చూపించి ఉండడు. సిగ్గుపడి ఉంటాడు. నేను చూశాను గనక చెప్తున్నాను.

ఒక పెద్దమనిషి వచ్చి, ఈ పద్ధతి ఏ దేశంలో నేర్చుకున్నావని అడిగాడు. ఫ్రాన్సా, జపానా అన్నాడు. మల్లికార్జునం, "ఉదయగిరి తాలూకాలో అండీ" అన్నాడు. ఆ పెద్దమనిషి వేళాకోళం అనుకుని నవ్వాడు. ఈయన నవ్వలేదు. నాకైతే ఆ హాలంతా వినపడేటట్టు, ఈయన మా ఊరివాడు అని అరవాలనిపించింది. అరవలేదు గానీ, బయటికొచ్చి కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, సిటీబస్సు కండక్టరుతో సహా.

కడసారి పట్టుకున్న బొమ్మ ఉదయగిరి కొండ. నా ప్రెస్సులో తీగల మీద ఇప్పటికీ వేలాడుతోంది. పసుపు వేశాడు, ఎరుపు వేశాడు. నలుపు కోసం చెక్కడం మొదలుపెట్టకముందే జ్వరం పడింది. పెద్దలు కొందరు, ఎవరిచేతనైనా నలుపు వేయించి పూర్తి చేద్దాం, పంచాయతీ ఆఫీసులో పెడదాం అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఏమీ తేల్చకుండా అమ్మకు కబురు పంపాను.

ఆమె నా ప్రెస్సు గడప తొక్కడం అదే మొదలు. తీగల కింద నిలబడి ఒక్కొక్క కాగితమే చూసింది. ఎక్కడ తెలుపు వదిలాడో చూపించమని అడిగింది, చూపించాను. కొండ నెత్తిన, ఆకాశం తగిలే చోట వదిలాడు. ఆ చోటు చూసి, "వాడు ఎంతవరకు చేసినాడో అంతవరకు ఉండనీ నాయనా. మిగిలింది ఇంకొకరు చెయ్యొద్దు" అనింది. ఒక కాగితం అడిగి తీసుకుని, చుట్ట చుట్టకుండా, రెండు చేతుల మీద పరుచుకుని, నడిబజారులో ఇంటికి నడిచిపోయింది. దారిలో ఎవరో ఏందమ్మా అది అని అడిగితే, "మావాడు చేసింది" అనింది. ఇంకేం మాట కావాలి తల్లీ?

అయినా అడిగే నోళ్ళు బజారులో ఇంకా ఉంటాయి. కాబట్టి ఈ ఊరి తరఫున నేను చెప్తున్నాను. ఆదిశేషమ్మగారి రెండో కొడుకు మల్లికార్జునం అచ్చుబొమ్మలు వేశాడు. ఇంతకుముందు ఇక్కడ ఎవరూ వెయ్యని తీరులో వేశాడు. తాను చేసిన బొమ్మ తప్పు చెబితే చించి, కొండెక్కి నేర్చుకుని మళ్ళీ చేశాడు. ఆయన చేసిన పని వల్ల బతికిన మందల పిల్లల పిల్లలు ఈ సాయంత్రం కూడా ఉదయగిరి కింద మేస్తున్నాయి. ఆయన జీవితం ఉత్తినే పోలేదు. ఉత్తినే పోయిందనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను ఇక్కడే ఉన్నాను.

ఎవరూ లేరు. నాకు తెలుసు.

అయితే అయ్యలారా, అమ్మలారా, ఇక మాటలు చాలు. మల్లికార్జునాన్ని తలుచుకుని అందరం లేద్దాం. వెంగయ్యా, మీవాళ్ళను కూడా లేపు. పెంచలనరసింహం, నువ్వు కూడా లే. కాసేపు ఎవరూ మాట్లాడవద్దు, దగ్గు వచ్చినా ఆపుకోండి.

అమ్మా ఆదిశేషమ్మగారూ, మీరు లేవవద్దు. కూర్చోండి. ఇన్నేళ్ళూ ఈ బజారు అడిగినప్పుడల్లా మీరు ఒక్కరే తల వంచుకుని నిలబడ్డారు. ఈ పూట మీ కొడుకు కోసం బజారంతా నిలబడుతుంది. మీరు కూర్చుని, తల ఎత్తి, మమ్మల్ని చూడండి.